పురిటి గదిలో నాన్న

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలో నిలబడినా నాలుగు ఆస్పత్రుల బోర్డులు కనిపిస్తాయి. రెండేళ్ళ క్రితం మా పేట కుర్రవాడొకడు ఏడో నెల కడుపుతో ఉన్న భార్యను స్కానింగు కోసం అక్కడొక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డిగ్రీ చదివి కొరియర్ ఆఫీసులో పనిచేస్తున్న పిల్లవాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి ఒక రంగుల కాగితం చేతిలో పెట్టి, ఆదివారం ఆదివారం కాన్పు క్లాసు ఉంటుంది, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలి అని చెప్పింది. ఆరు క్లాసులకు వాళ్ళడిగిన డబ్బు అతని సగం జీతం. అయినా తొలిచూలు కదా అని కట్టాడు.

మొదటి ఆదివారం వెళ్ళొచ్చి చెప్పిన కబుర్లకు ఇంట్లో ఒకటే నవ్వులు. నేలమీద చాపలు పరిచారట. పెద్ద రబ్బరు బంతి మీద గర్భిణులను కూర్చోబెట్టారట. మొగుళ్ళు వెనక కూర్చుని నడుము నొక్కాలట, నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీయాలో పక్కనుండి లెక్క చెప్పాలట. "మగాడికి పురుటి పాఠాలేంట్రా, సిగ్గు లేకపోతే సరి!" అని వాళ్ళ నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మాట విన్నాకే మేం ఈ వ్యాసం రాయాలనుకున్నాం. మగవాడికి పురుటి పాఠం మన కులానికి కొత్త కాదు. ఎరుకల మగవాడు పురుటి మంచం ఎక్కాడన్న సంగతి నూటయాభై ఏళ్ళ క్రితమే అచ్చయింది. పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ లండన్ దాకా పోయింది. మన ఇళ్ళలో మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఆ సంగతి మొదట రాసింది మన డెల్టాలో కాదు, గోదావరి మీద. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో జాన్ కెయిన్ అనే క్రైస్తవ మిషనరీ ఉండేవాడు. ఆ చుట్టుపక్కల తిరిగే ఎరుకల వాళ్ళ ఆచారాల గురించి 1874లో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో చెబుతాం. భార్యకు నొప్పులు మొదలవగానే ఆమె ఆ సంగతి భర్తకు చెబుతుంది. అతను వెంటనే ఆమె బట్టలు కొన్ని తీసుకుని కట్టుకుంటాడు. ఆడవాళ్ళు పెట్టుకునే బొట్టు నుదుట పెట్టుకుంటాడు. చిన్న దీపం మాత్రం వెలిగే చీకటి గదిలోకి పోయి, పొడుగాటి గుడ్డ కప్పుకుని మంచం మీద పడుకుంటాడు. బిడ్డ పుట్టాక కడిగి తెచ్చి తండ్రి పక్కన పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం వగైరా బాలింత మందులు తల్లికి కాక తండ్రికి పెడతారు. పురుడు ఉన్న రోజుల్లో అతన్ని మంచం దిగనివ్వరు, కావలసినవన్నీ మంచం దగ్గరికే తెచ్చిస్తారు.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాలూ తెగల సంపుటాల్లో ఈ వర్ణనను మళ్ళీ ఎక్కించాడు. ఎరుకల మీద పరిశోధన చేసే విద్యార్థులు ఇప్పటికీ ముందుగా తెరిచేది ఆ సంపుటాలనే. మన పిల్లలు కాలేజీ లైబ్రరీలో మన పేరు వెతుక్కుంటే దొరికేది కూడా అదే. ఒక పేజీలో దొంగతనాలు, ఇంకో పేజీలో చీర కట్టుకున్న మొగుడు. చదివిన పిల్లవాడు పుస్తకం మూసేసి పక్కవాడు చూశాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. మాలో ఇద్దరం అలా చూసినవాళ్ళమే.

యూరపు పండితులు ఈ ఆచారానికి 'కూవాడ్' అని పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచిలో కోడి గుడ్లు పొదగడాన్ని చెప్పే మాట నుంచి పుట్టింది. ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లీషు పండితుడు 1865 నాటి తన పుస్తకంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దక్షిణ అమెరికా అడవుల్లో ఉంది. చైనాలోని యునాన్ కొండల్లో ఉందని మార్కోపోలో ఎప్పుడో చెప్పాడు. ఇండియాలో చూపించాలంటే ఎరుకల వాళ్ళను చూపించేవారు. తల్లి వంశం నుంచి తండ్రి వంశానికి సమాజం మారుతున్న కాలంలో, ఈ బిడ్డ నాదని తండ్రి చాటుకోవడానికి పుట్టిన ఆచారమిదని టైలర్ 1889లో వాదించాడు. తండ్రికీ బిడ్డకూ కనిపించని ముడి ఉంటుందని, తండ్రి ఒళ్ళు కదిలితే బిడ్డకు హాని అనే నమ్మకమని ఇంకో వాదన. పురిటింటి మీద పడే చెడు చూపును భర్త తన మీదికి మళ్ళించుకుంటున్నాడని మరో మాట. ఇందులో ఏది నిజమో తేల్చే పని మేం పెట్టుకోవడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇన్ని వాదనల్లోనూ ఒక్క ఎరుకల తండ్రిని కూర్చోబెట్టి, నువ్వెందుకు పడుకున్నావు నాయనా అని అడిగి రాసుకున్న జవాబు లేదు. ఒక్క ఎరుకల తల్లి మాట అసలే లేదు.

కెయిన్ రాసినది ఆ నాయనమ్మకు చదివి వినిపించాం. ఈసారి ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "బెల్లం ఆయన తింటే బాలింతకేం పెట్టారంట?" అంది.

కెయిన్ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆరుగురిని కన్న ఆ ముసలామె అడగగానే మా పొగరు కొంచెం దిగింది. అప్పటిదాకా మేం కూడా మన పూర్వీకులు భార్య నొప్పిని పంచుకున్న మహానుభావులని రాసేద్దామనుకున్నాం. ఆచారం పంచుకోవడానికే పుట్టి ఉండొచ్చు. కానీ మంచం, మందు, విశ్రాంతి తండ్రికి పోయి, కన్న మనిషి మర్నాడే లేచి నీళ్ళు మోసి ఉంటే అది పంచుకోవడం కాదు. తండ్రి పక్కన ఉండటం వేరు, తల్లి చోటు ఆక్రమించడం వేరు. ఈ తేడా చేత పట్టుకుంటేనే ఇప్పటి క్లాసుల్ని కూడా సరిగ్గా చూడగలం.

ఇక్కడ ఒక పక్క మాట. తిరుమల వేంకటేశ్వరుడి కథ మన తెలుగు నేల మీద తెలియనివాళ్ళు లేరు. పద్మావతిని పెళ్ళాడటానికి ఆ స్వామి ఎరుకలసాని వేషం వేసుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఆకాశరాజు ఇంటికి ఎరుక చెప్పడానికి పోయాడని హరికథల్లో, బుర్రకథల్లో చెబుతారు. జనం దండం పెట్టుకుని వింటారు. దేవుడు మన ఆడదాని చీర కడితే భక్తి. మన మగవాడు తన భార్య చీర కడితే వింత జాతి లక్షణం!

సరే, చరిత్రలోకి వద్దాం. ఎరుకల వాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య తిరిగిన వర్తకులు. ప్రభుత్వ ఉప్పు చట్టాలు, రైళ్ళు ఆ బతుకు తీసేశాయి. తిరిగేవాడు దొంగ అయ్యాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ముందు ఉత్తరాదిలో అమలైంది, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. కృష్ణకు అవతలి ఒడ్డున సీతానగరం, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లయ్యాయి. వాటిని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఈ చరిత్ర లోతు తెలుసుకోవాలనుకునే టీచర్లు మీనా రాధాకృష్ణ 2001లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం చదవాలి.

ఆ చట్టంలో పురుటితో ముడిపడ్డ సంగతులు రెండున్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకటి హాజరు. పేరు నమోదైనవాడు చెప్పిన వేళకు చెప్పినచోట కనబడాలి. ఉన్నచోటు వదిలిపోవాలంటే అనుమతి కావాలి. నొప్పులు ఆ వేళలు చూసుకుని రావు కదా. భార్య పుట్టింట్లో పురుడు పోసుకుంటుంటే, పొరుగూళ్ళో నమోదైన భర్త అనుమతి లేకుండా బయల్దేరితే నేరస్థుడు. రెండోది ఇంకా ఘోరం. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి పనులు నేర్పే బడుల్లోనో దిద్దుబాటు బడుల్లోనో పెట్టే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. అంటే బిడ్డను కనేటప్పటికే ఈ బిడ్డ నా దగ్గరుంటాడా అన్న భయం తల్లికి ఉండేది. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చీకటి గదిలో పడుకునే తండ్రి ఏ తరంలో మాయమయ్యాడో కాగితాల మీద చూపించలేం గానీ, హాజరు పట్టీలో పేరున్న తండ్రి పురిటి రోజులన్నీ మంచం మీద ఉండటం కుదిరే పనేనా అని మీరే ఆలోచించండి.

ఆ కాలంలోనే డెల్టాలో పురుడు పోసే పద్ధతులు కూడా మారుతూ వచ్చాయి. ఊళ్ళలో చాలాచోట్ల మంత్రసానిగా వచ్చేది మంగలి ఇంటి ఆడమనిషి. అందరి ఇళ్ళకూ ఆమె వచ్చేది కాదు. ఊరి బయట గుడిసెల్లో, కాలువ గట్ల మీద ఉన్న ఎరుకల, యానాది కుటుంబాలకు తమ ముసలమ్మలే దిక్కు. గుంటూరులో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచింది. మంత్రసానులకు శుభ్రత నేర్పాలని వైస్రాయి భార్య లేడీ కర్జన్ 1900ల మొదట్లో విక్టోరియా పేరు మీద ఒక నిధి పెట్టింది. అది పేరుకు శిక్షణే గానీ, మంత్రసాని మురికిది, మూర్ఖురాలు అన్న మాటతోనే మొదలయ్యేది. గోళ్ళు తీసుకోవడం, చేతులు కడుక్కోవడం, కత్తి ఉడకబెట్టడం నేర్పితే ప్రాణాలు నిలిచాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆమెకు తెలిసినదేమిటని ఎవరూ అడగలేదు. కాన్పు గురించి తరగతి అంటే పైనున్నవాడు చెప్పడం, కిందున్నవాడు వినడం అనే అలవాటు అక్కడే పడింది.

ఇప్పుడు సూర్యారావుపేట చాపల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ క్లాసుల పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. అందులోనూ మనమున్నాం, మనకు తెలియకుండానే.

ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు 1933లో ఒకటి, 1942లో ఒకటి పుస్తకాలు రాశాడు. భయం వల్ల ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒళ్ళు ఎక్కువ నొప్పిస్తుంది, నొప్పి మళ్ళీ భయాన్ని పెంచుతుంది. ముందుగా అన్నీ చెప్పి భయం తీసేస్తే నొప్పి తగ్గుతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం. ఇందులో పనికొచ్చే నిజం చాలా ఉంది. అయితే దాన్ని నిలబెట్టడానికి ఆయన ఒక బొమ్మ గీసుకున్నాడు. అడవి జాతి ఆడది పనిచేస్తూ చేస్తూ పొదల చాటుకు పోయి, నొప్పి తెలియకుండా బిడ్డను కని, మళ్ళీ పనికి వస్తుందట. నాగరికత నేర్చిన ఆడదానికే నొప్పట!

ఈ బొమ్మ ఇంగ్లండులోనే ఆగిపోలేదు. మన ఆడవాళ్ళు ఏ కాన్పు గదిలో పడుకున్నా ఎవరో ఒకరి నోట అది వస్తుంది. "మీ వాళ్ళకేమమ్మా, ఇట్టే కనేస్తారు." మాలో ఒకామెకు ఈ మాట చెప్పి నాలుగు గంటలపాటు ఎవరూ దగ్గరికి రాలేదు. ఆ ఊరి పేరు, ఆస్పత్రి పేరు ఇక్కడ వద్దు. అది ఒక్క చోట జరిగిన పనైతే పేరు చెప్పి ఊరుకునేవాళ్ళం. గిరిజన స్త్రీకి నొప్పి ఉండదనే మాట పొగడ్తలా వినిపిస్తుంది, నిజానికి అది వైద్యం ఎగ్గొట్టే సాకు. రక్తం తక్కువై, పోషణ చాలక, తొమ్మిదో నెలలో కూడా కూలికి వంగిన తల్లికి మిగతావాళ్ళకంటే ప్రమాదం ఎక్కువ, తక్కువ కాదు. ఈ సంగతి మన హైస్కూలు టీచర్లు జీవశాస్త్రం పాఠంలోనే చెప్పొచ్చు.

తర్వాత వచ్చినవాడు ఫెర్నాన్ లమాజ్ అనే ఫ్రెంచి డాక్టరు. ఆయన 1951లో సోవియట్ యూనియన్ వెళ్ళి, లెనిన్‌గ్రాడ్‌లో ఒక తల్లి మందులేమీ లేకుండా ప్రశాంతంగా కనడం చూశాడు. అక్కడి డాక్టర్లు పావ్లోవ్ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని గర్భిణులకు ముందే తరగతులు పెట్టి శ్వాస పద్ధతులు నేర్పేవారు. లమాజ్ 1952 నుంచి ఆ తరగతుల్ని పారిస్‌లో మొదలుపెట్టాడు. ఎక్కడనుకున్నారు? లోహ కార్మికుల యూనియన్ నడిపే ఆస్పత్రిలో. కార్మికుల భార్యల కోసం. భర్తను కూడా తోడు రమ్మనేవారు. మార్జరీ కార్మెల్ అనే అమెరికన్ ఆమె అక్కడే కని, ఆ అనుభవాన్ని 1959లో పుస్తకంగా రాసింది. దాంతో లమాజ్ క్లాసు అమెరికా మధ్యతరగతి ఇళ్ళలోకి పోయింది. 1965లో రాబర్ట్ బ్రాడ్లీ అనే అమెరికన్ డాక్టరు, భార్యకు భర్తే శిక్షకుడిగా ఉండే కాన్పు మీద పుస్తకం వేశాడు. అదే 1965లో ఇంగ్లండులో ఇద్దరు మానసిక వైద్యులు ఒక పరిశోధన అచ్చువేశారు. భార్య కడుపుతో ఉన్నప్పుడు కొందరు భర్తలకు కూడా వాంతులు, పంటి నొప్పి, కడుపు నొప్పి వస్తున్నాయట. ఆ జబ్బుకు వాళ్ళు పెట్టిన పేరు 'కూవాడ్ సిండ్రోమ్'. ఎరుకలవాడికి వస్తే మూఢాచారం, ఇంగ్లీషువాడికి వస్తే సిండ్రోమ్.

కార్మికుల యూనియన్ ఆస్పత్రిలో మొదలైన తరగతి పారిస్ నుంచి న్యూయార్కు మీదుగా తిరిగి తిరిగి, సగం జీతం ఫీజుతో మన కుర్రవాడి చేతిలో కాగితంగా పడింది. ఆ క్లాసు చెడ్డదని మేం అనడం లేదు. ఆ పిల్ల అక్కడ నేర్చుకున్న ఊపిరి ఆమెకు పనికొచ్చింది. నొప్పి వచ్చినప్పుడు గాలి బిగబట్టకుండా నెమ్మదిగా వదలడం, వెల్లకిలా పడుకోకుండా లేచి నడవడం, పక్కకు ఒత్తిగిలడం, తొలి కాన్పులో అసలు నొప్పులు గంటల తరబడి సాగుతాయని ముందే తెలిసి కంగారు పడకపోవడం, ఇవన్నీ మంచివే. తీరా నొప్పులొచ్చి అదే ఆస్పత్రికి పోతే భర్తను గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆరు ఆదివారాలు నడుము పట్టడం నేర్చుకున్నవాడు అసలు రోజున వరండాలో కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. క్లాసు వేరు, లేబర్ రూము రూల్సు వేరట! రాత్రి పదకొండింటికి ఆపరేషన్ అన్నారు, సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. ఎందుకు ఆపరేషన్ అని అడగడం ఆరు క్లాసుల్లో ఎవరూ నేర్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది మన ముందుతరం తల్లులు కలలో కూడా ఊహించనిది. అదే సర్వేలో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు, పక్కనున్న తెలంగాణలో 60.7. ఇందులో ప్రాణం కాపాడినవి చాలా ఉన్నాయి. అవసరం లేనివీ ఉన్నాయని డాక్టర్లే ఒప్పుకుంటారు. కాబట్టి ఈ రోజు మన గర్భిణికి కావలసిన చదువులో ఊపిరి పాఠం సగమే. రెండో సగం అడగడం.

అందుకే కాన్పు క్లాసు ఎంచుకునే దంపతులకు మా అనుభవం కొద్దీ చెబుతున్నాం. చేరేముందు, చాపలూ బంతీ చూడకముందు, ఒక్క ప్రశ్న వేయండి. నొప్పుల వేళ నాతో ఎవరిని లోపలికి రానిస్తారు? సూటిగా జవాబు రాకపోతే ఆ క్లాసు మీకోసం కాదు, ఆస్పత్రికి గిరాకీ కోసం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు వేళ తోడు మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం కూడా అదే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో తల్లి కోరుకున్న తోడు ఉండాలని ఉంది. తోడు ఉన్న తల్లికి నొప్పుల కాలం తగ్గుతుందని, మామూలు కాన్పు అవకాశం పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. చాలా వార్డుల్లో తెరలు లేవు, పక్క మంచం మీద ఇంకో తల్లి ఉంటుంది. కాబట్టి మగవాణ్ణి రానివ్వరు, ఆడమనిషినే రమ్మంటారు. అది అర్థం చేసుకోదగ్గ ఇబ్బందే. అయితే ఎవరు రావాలో ముందే తెలిస్తే అత్తో అక్కో ఆ పాఠానికి ముందు నుంచీ రావొచ్చు కదా.

తర్వాత భాష. పెద్ద ఆస్పత్రి క్లాసుల్లో సగం ఇంగ్లీషు. మన పిల్ల తల ఊపి వస్తుంది. ఇంట్లో కుర్రు మాట్లాడే కుటుంబాల్లో తెలుగు కూడా రెండో భాషే. అర్థం కానిచోట ఆపి అడిగే చనువు ఉన్న క్లాసే క్లాసు. చెప్పేవాళ్ళు ఎవరన్నది కూడా చూడండి. కాన్పులు చేసిన నర్సా, మిడ్‌వైఫా, లేక బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీ మనిషా? హైదరాబాదులో 1948 నుంచి నడుస్తున్న ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం 2018లో దేశమంతటికీ మిడ్‌వైఫ్ సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. మంత్రసానిని తరిమేసిన నూరేళ్ళకు ఆమె పనిని చదువుకున్న చేతులతో మళ్ళీ పిలుస్తున్నారు.

డబ్బు లేనివాళ్ళ సంగతేమిటంటారా? మనలో ఎక్కువమంది వాళ్ళే. మన క్లాసు అంగన్‌వాడీలో ఉంది, కాకపోతే దాన్ని క్లాసు అని ఎవరూ అనరు. నెలకోసారి గ్రామ ఆరోగ్య పోషణ దినం జరుగుతుంది. ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు ముగ్గురూ ఒకచోట ఉంటారు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టరు గర్భిణులను ఉచితంగా చూస్తారు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద 2011 నుంచి కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. మన ఆడవాళ్ళు అక్కడికి పోతారు, బరువు తూయించుకుంటారు, ఐరన్ మాత్రలు తీసుకుంటారు, వచ్చేస్తారు. మగవాళ్ళు ఆ గుమ్మం ఎక్కరు. అది ఆడవాళ్ళ చోటని టీచరమ్మ కూడా అనుకుంటుంది.

అక్కడికి తండ్రి పోవాలని మేమంటున్నాం. చీర కట్టుకుని పడుకోవడానికి కాదు. తల్లీబిడ్డల కార్డు వెనక రాసి ఉన్నది చదివి తెలుసుకోవడానికి. రక్తం కనబడితే, తల పగిలిపోయేలా నొప్పి వచ్చి కళ్ళు మసకబారితే, ముఖం చేతులు వాస్తే, ఫిట్స్ వస్తే, ఉమ్మనీరు పోతే, బిడ్డ కదలిక తగ్గితే ఒక్క నిమిషం ఆగకూడదని తెలియాల్సింది ముందు అతనికే. 108కు ఫోన్ చేసేది అతనే. రక్తం ఇచ్చే ఇద్దరిని ముందే మాట్లాడి ఉంచాల్సింది, ఆమె రక్తం గ్రూపు తెలిసి ఉండాల్సింది అతనే. ఆపరేషన్ కాగితం ముందుకొచ్చినప్పుడు ఎందుకండీ అని, తల్లికేమైనా ప్రమాదమా బిడ్డకా అని మర్యాదగా అడగాల్సిందీ అతనే. ఆ తర్వాత నలభై రోజులు నీళ్ళు మోయాల్సింది కూడా.

దివిసీమ సంగతి ఇంకో రకం. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవుల్లో ఉన్నవాళ్ళు ఒడ్డుకు రావాలంటే పంటు మీద కృష్ణ దాటాలి. కృష్ణ సముద్రంలో కలిసేచోట రొయ్యల చెరువుల కాపలాకు, చేపల వేటకు ఉన్న యానాది కుటుంబాలకు ఊపిరి పాఠం కంటే ముందు రావలసింది తేదీల పాఠం. డాక్టరు చెప్పిన తేదీకి వారం ముందే ఈవల ఒడ్డుకు వచ్చి ఎవరింట్లో ఉండాలి? కాపలా పని ఎవరికి అప్పజెప్పాలి? యజమాని దగ్గర బాకీ ఉంటే చెరువు గట్టు వదిలి రానిస్తాడా? ఏ కాన్పు క్లాసు పుస్తకంలోనూ ఈ ప్రశ్నలు ఉండవు. అక్కడ పనిచేసే టీచర్లు, ఆశాలు ఏడో నెలలోనే భర్తను కూర్చోబెట్టి అడిగితే చాలు, సగం ప్రయాణం పూర్తయినట్టే.

మా కుర్రవాడి భార్యకు ఇప్పుడు మళ్ళీ అయిదో నెల. ఈసారి సూర్యారావుపేట కాదు, ప్రభుత్వాస్పత్రి అనుకున్నారు. పోయిన నెల 9వ తేదీన సెలవు పెట్టి ఆమెతోపాటు వెళ్ళి క్యూలో నిలబడ్డాడు. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో రాసిన కాగితం పాత ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చుకున్నాడు, ఈసారి డాక్టరుకు అది కావాలి. లోపలికి తోడు ఎవరొస్తారని నర్సమ్మ అడిగితే నాయనమ్మ పేరు చెప్పారట. ఆమెకు డెబ్బై దాటాయి, అంతసేపు నిలబడలేదేమోనని వాళ్ళకు అనుమానం. ఆమె మాత్రం ఇంగువ, బెల్లం కొని డబ్బాలో పోసి పెట్టింది. ఈసారి అవి ఎవరికి పెట్టాలో నేను చూసుకుంటానంది.